నల్లగని దారిలో ఐదో గుర్తు

శనివారం ఉదయం డోన్యా బెనిల్దా బర్రాసా తన ఆఫీసు తలుపు తీయడానికి వచ్చేసరికి మెట్ల మీద ఒక యువతి కూర్చుని ఉంది. చెప్పుల నిండా ఎర్రమట్టి. ఒళ్లో మగవాళ్లు పెట్టుకునే పాత గడ్డిటోపీ.

"దొంగల్ని పట్టుకునే ఆవిడ మీరేనా అమ్మా?"

"ఎప్పుడైనా ఒకసారి. ఎక్కువగా పారిపోయిన మొగుళ్లని పట్టుకుంటాను. లోపలికి రా. ఎప్పుడు తిన్నావు?"

"నిన్న."

బెనిల్దా తన సహాయకుడు తోరీబియో వైపు చూసింది. అతను ఏమీ అడగకుండా కాఫీ, రొట్టె తెచ్చిపెట్టాడు. పదేళ్లు బస్సు నడిపిన ఆ భారీ మనిషికి బెనిల్దా చూపు ఎటు తిరిగితే ఏం కావాలో తెలుసు. ఆమె బుర్రలో ఏముందో మాత్రం ఎన్నడూ తెలిసేది కాదు. అందుకే ఆమె అంటే అంత గౌరవం.

అమ్మాయి పేరు దొమితీల. ఊరు, బెనిల్దా ఆఫీసున్న పర్రాల్‌కు ఆరు గంటల ప్రయాణం, కొండల్లో ఉండే తెకొలోతె. తండ్రి క్రిస్పీన్ పాతగనుల్లో వెండి ఏరుకుంటూ బతికే మనిషి. మూడు వారాల క్రితం ఇంజనీరు రెంతెరీయా అనే ఆయన వచ్చి, దాచిన వెండికి దారి చూపేలా స్పెయిన్ వాళ్లు రాళ్ల మీద చెక్కిన గుర్తులు చూపించమని క్రిస్పీన్‌ను వెంట తీసుకెళ్లాడు. బాణం, తాబేలు, సూర్యుడు, గుర్రపు నాడా. ఆ నాలుగూ నల్లగని చుట్టూనే ఉన్నాయి. ఐదోది పైన లోయ అంచున ఉన్న శిలువ. దాని కింద రాళ్లకుప్ప.

"బుధవారం ఇద్దరూ గనిలోకి దిగారు. మర్నాడు ఆ శిలువ కింద తవ్వుతానన్నాడట ఇంజనీరు. నాన్న వద్దన్నాడు. గొడవైంది. 'నేను బతికుండగా అక్కడ గడ్డపార పడదు' అని అరిచి, నాన్న పైకొచ్చేసి కంచరగాడిదలు తోలుకురావడానికి పక్క ఊరు పోయాడు. సాయంత్రానికి గనిలోకి దిగే మెట్ల దుంగ మాయమైంది. ఇంజనీరు లోపలే ఉండిపోయాడు. శుక్రవారం పొద్దున దుంగ మళ్లీ ఉంది. ఎక్కబోయి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. చంపాలని చూశాడు అంటున్నాడమ్మా. రేపు మధ్యాహ్నం నాన్నని చివావా జైలుకి తీసుకుపోతారు. మా నాన్నకి ఊపిరితిత్తుల నిండా గనిదుమ్మే. అక్కడ చలికాలం దాటడు."

"మీ నాన్న ఏమంటున్నాడు?"

"ఏమీ అనడు. అదే నా భయం."

బెనిల్దా శాలువా అందుకుంది.

*

"ఈ కొండ ఎక్కించాలంటే ముందు బండికి బాప్తిస్మం ఇప్పించాలి అమ్మగారూ," అన్నాడు తోరీబియో మూడోసారి ఇంజను వేడెక్కినప్పుడు.

"నువ్వు దిగి నడిస్తే చాలు, అదే ఎక్కుతుంది."

మధ్యాహ్నానికి ఊరు చేరారు. ఇంజనీరు క్రిస్పీన్ చెల్లెలు మకారియా ఇంటి వసారాలో మంచం మీద ఉన్నాడు. మూడు వారాలుగా ఆయనకు భోజనం ఆమె దగ్గరే. ఇప్పుడు ఆ కాలికి కట్టు మార్చేది కూడా ఆమే. అరవై దాటిన మనిషి, సన్నగా, నల్లశాలువా కప్పుకుని, అడిగితే తప్ప మాట్లాడదు.

"అన్న కాలు విరగ్గొడితే చెల్లెలు కట్టు కడుతోంది. వింత కుటుంబం!" అన్నాడు రెంతెరీయా.

"లోపల రెండు రాత్రులు ఏం తిన్నారు సార్?" అని అడిగింది బెనిల్దా.

"గురువారం పొద్దున నిద్రలేచేసరికి తాడుకి మూట వేలాడుతోంది. రొట్టెలు, చిక్కుళ్లు, సొరబుర్రలో నీళ్లు. ఎవరని అరిచాను. పలకలేదు."

"చిక్కుళ్లు బాగున్నాయా?"

"ప్రాణం పోయేలా ఉంటే రుచి చూస్తామా? నాకు కడుపులో పుండు ఉంది, కారం పడదు. అవి కారం లేకుండా కమ్మగా ఉన్నాయి కాబట్టి తినగలిగాను. ఎందుకడిగారు?"

"నాకు ఆకలేస్తోంది, అందుకు."

మకారియా లోపలికి వెళ్లి రెండు పళ్లాలు తెచ్చింది. తోరీబియో మొదటి ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అత్తా, ఇందులో మిరపకాయలు వేశావా, మిరపకాయల్లో ఇది వేశావా?"

"ఈ కొండల్లో కారం లేకుండా ఎవరు వండుతారు నాయనా?" అంది మకారియా. ఆ రోజు ఆమె నవ్వినట్టు కనిపించింది అప్పుడొక్కసారే. బెనిల్దా కారానికి ముక్కు తుడుచుకుంటూ ఆమె చేతుల వైపు చూసింది. రెండు అరచేతుల్లోనూ తాడు ఒరుసుకున్న ఎర్రటి చారలు ఉన్నాయి. పెరట్లో గాడిదను కట్టిన తాడు కొత్తది.

"గాడిద పేరేంటి?"

"బిషప్పు. ఎవరు చెప్పినా వినదు."

*

నల్లగని దగ్గర ఇద్దరు కట్టెలు కొట్టేవాళ్లు కాపలా ఉన్నారు. శుక్రవారం అరుపులు విని ఇంజనీరును తాడుతో పైకి లాగింది వాళ్లే.

"డోన్యా, అక్కడే ఆగండి. ఆడవాళ్లు గని నోటి దాకా రాకూడదు. వెండి అలిగి దాక్కుంటుంది."

"మూడొందల ఏళ్లుగా మగవాళ్లే దిగుతున్నారు కదా. దొరికిందా?"

వాళ్లు మొహాలు చూసుకున్నారు. అయినా ఆమె ఆగి, తోరీబియోనే పంపింది. అతను దుంగ మీద కాలు పెట్టాడో లేదో జారి, చేతులతో వేలాడి, ఎలాగో పైకొచ్చి పడ్డాడు.

"ఇది నిచ్చెన కాదమ్మగారూ, సబ్బుకడ్డీ!"

"దాన్నే పైకి లాగండి," అంది బెనిల్దా.

రెండు నిలువుల పొడవున్న దేవదారు దుంగ అది. ఒక పక్కంతా పాదం పట్టేంత గంట్లు. వరసగా ఎడమకాలికి ఒకటి, కుడికాలికి ఒకటి. నుదుటికి పట్టీ వేసుకుని వీపున ఖనిజం బస్తా మోస్తూ తరతరాలుగా ఎక్కిన మెట్లు. ఇంతసేపూ గని అడుగున ఉన్న చివర చుట్టూ కొత్తగా తాడు కోసిన గాడి ఉంది. అక్కణ్ణుంచి ముప్ఫై అడుగుల అవతల గుబుర్ల దాకా నేల మీద ఈడ్చిన జాడ, గాడిద గిట్టల గుర్తులు.

బెనిల్దా కట్టెలవాళ్ల వైపు తిరిగింది. "దీనిలో తప్పేముందో మీకు శుక్రవారమే తెలుసు. అవునా?"

పెద్దవాడు నేల వైపు చూశాడు. "మేము కట్టెలు కొట్టుకునేవాళ్లం డోన్యా."

"మంచి మనుషులు కూడా," అంది బెనిల్దా.

తర్వాత లోయ అంచుకు ఎక్కారు. దారిలో ఉన్న నాలుగు గుర్తులనూ ఆమె వేలితో తడిమింది. గాళ్లు లోతుగా, అంచులు అరిగి, అరచేయంత బూడిదరంగు నాచు పట్టి ఉన్నాయి. ఐదోదైన శిలువ మాత్రం లోతు లేదు. దాని మీది నాచు చిన్న గుండీ అంత.

"అదే కొండ, అదే రాయి, అదే గాలి," అంది. "మరి నాచు ఎందుకు చిన్నది తోరీబియో?"

"సోమరి నాచేమో అమ్మగారూ."

శిలువ కింద రాళ్లకుప్పలో సగం రాళ్లకు నాచు పక్క కిందికి తిరిగి ఉంది. మట్టి మెత్తగా ఉంది. బెనిల్దా మోకాలి నొప్పికి మూలుగుతూ వంగి, బండ పగుల్లోంచి ఎండిపోయిన కొన్ని రేకులు ఏరి అరచేతిలో వేసుకుంది. బంతిపూల రేకులు. పైన ఉన్నవి నవంబరులో చనిపోయినవాళ్ల పండుగకి పెట్టినవి. లోపలివి పొడిపొడిగా, ఏ ఏటివో తెలియనివి.

తోరీబియో ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి టోపీ తీశాడు.

దిగొచ్చాక, కాపలాలో ఉంచిన బడిగదిలో క్రిస్పీన్‌ను కలిసింది. అతను దగ్గుతూ గోడకు ఆనుకుని ఉన్నాడు.

"దుంగ తీసింది ఎవరు?"

"నేనే."

"ఎక్కడ దాచావు?"

కాస్త ఆలోచించాడు. "లోయలో పడేశాను."

"తిరిగి పెట్టేటప్పుడు తలకిందులుగా పెట్టావు."

అతని దవడ బిగుసుకుంది. "చీకట్లో పొరపాటు."

"సరే," అంది బెనిల్దా మెల్లగా. "నీ చేతిపనికి అది పెద్ద అవమానమే. అయినా ఒప్పుకున్నావంటే ఎవరికోసమో అర్థమైంది. పడుకో అన్నా."

*

ఆదివారం ప్రార్థన కాగానే అందరూ మకారియా పెరట్లో చేరారు. ఇంజనీరు మంచం మీద, క్రిస్పీన్ బల్ల మీద, అతని పక్కన దొమితీల. క్రిస్పీన్‌ను జైలుకి తీసుకుపోవడానికి వచ్చిన పోలీసు కమాండర్ ఓల్గీన్ జీపు తాళాలు ఆడిస్తూ నిలబడ్డాడు. పొయ్యి దగ్గర మకారియా రొట్టెలు తిప్పుతోంది. దుంగను గోడకు ఆనించి ఉంచారు.

"కమాండరుగారూ, దయచేసి ఇది ఎక్కండి," అంది బెనిల్దా.

"నేనా?"

"ఇంజనీరుగారి కాలు ఖాళీగా లేదు."

జనం నవ్వారు. ఓల్గీన్ బూటు గంట్లో పెట్టి లేచాడు, సర్రున జారి కోళ్లగంప మీద పడ్డాడు. నవ్వులు పెద్దవయ్యాయి. తోరీబియో దుంగను తిప్పి నిలబెట్టాడు. ఈసారి కమాండరు పైదాకా ఎక్కి, పిల్లిలా దిగాడు.

"గంటు అడుగున చదును, పైన వాలు. తిరగేస్తే వాలు కిందికొస్తుంది, పాదం నిలవదు. ఈ ఊళ్లో ప్రతి మగవాడూ మీసం రాకముందే దీన్ని మోసినవాడు. నిద్రలో కూడా తలకిందులుగా పెట్టడు. క్రిస్పీన్ కావాలని పెట్టాడంటారా? చంపదలచినవాడికి దుంగ తిరిగి పెట్టాల్సిన పనేముంది? ఊరుకుంటే చాలు. పైగా దాన్ని ఎక్కడ దాచారో అతనికి తెలియదు. నిన్న నాతో లోయ అన్నాడు. ఈడ్చిన జాడ గుబుర్లలోకి ఉంది."

"మరి ఎవరు?" అన్నాడు రెంతెరీయా.

"గనిలోకి ఎన్నడూ దిగనివ్వని మనిషి. దుంగ పైచివరకి తాడు కట్టి, గాడిదతో లాగించి దాచింది. తిరిగి తెచ్చేటప్పుడు ఆ తాడు విప్పలేదు. తాడున్న చివరే ముందు గని నోటికి చేరింది. అక్కడ తాడు కోసేసరికి అదే ముందు లోపలికి జారింది. ఆ మనిషి పైనుంచి చూసి, నిలబడింది కదా, ఇక ఆయన ఎక్కొస్తాడు అనుకుంది. మీరు బతికి రావాలనే కోరుకుంది సార్. మీ కడుపులో పుండు ఉందని గుర్తుపెట్టుకుని, కారం లేని చిక్కుళ్లు దింపింది."

ఇంజనీరు తల నెమ్మదిగా పొయ్యి వైపు తిరిగింది.

"ఆ మనిషికి కావలసింది ఒక్కరోజు," అంది బెనిల్దా. "ఎందుకో చెప్పాలా వద్దా అన్నది తేల్చే హక్కు నాకు లేదు."

"ఊరుకో, చెల్లీ," అన్నాడు క్రిస్పీన్ గట్టిగా.

మకారియా రొట్టె పెనం మీంచి తీసి పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నలభై ఒక్క ఏళ్లు ఊరుకున్నాను అన్నయ్యా. ఇంక చాలు." ఆమె ఇంజనీరు వైపు చూసింది. "అది స్పెయినువాళ్ల శిలువ కాదు బాబూ. మా అన్న చెక్కింది. నా బిడ్డ ఎనిమిదో రోజున పోయాడు. మంచు పడి పాదిరీ రాలేదు, బాప్తిస్మం కాలేదు. అందుకని శ్మశానంలో చోటు లేదన్నారు. ఎవరికీ చెప్పకుండా అక్కడ పెట్టుకున్నాను. మంచులో చోటు తప్పిపోకుండా మా అన్న గుర్తు చెక్కాడు. మర్నాడు తవ్వుతావని అన్న చెప్పాక ఏం చేయాలో తోచలేదు. నీకు చెబితే ఊరంతా తెలుస్తుంది. ముందు నేనే తీసుకోవాలనుకున్నాను. దుంగకి పైదీ కిందిదీ ఉంటుందని నాకు తెలియదు బాబూ. తెలిస్తే నీ కాలికి అలా..."

దొమితీల లేచి వెళ్లి ఆమెను పట్టుకుంది.

"దొరికాడా అత్తా?"

"ఏం మిగులుతుందే తల్లీ, ఎనిమిది రోజుల పిల్లాడిది? టోపీకి కుట్టిన ముత్యపు గుండీ ఒక్కటి. ఆ మట్టి కాస్త తెచ్చుకున్నాను." పొయ్యి వెనక అరలో కొవ్వు పోసుకునే రేకుడబ్బా ఒకటి కనిపిస్తోంది. దాని మూతి తెల్లగుడ్డతో కట్టి ఉంది.

కమాండరు టోపీ తీశాడు. తర్వాత ఏం చేయాలో తెలియక మళ్లీ పెట్టుకుని, కాగితం, పెన్సిలు బయటికి తీశాడు. "ఇంజనీరుగారూ, ఫిర్యాదు మీది. ఏం రాయమంటారు?"

రెంతెరీయా ఆ డబ్బా వైపు చూశాడు.

"పద్దెనిమిదేళ్లుగా ఇలాంటి గుర్తుల కింద తవ్వుతున్నాను," అన్నాడు. "వాటిలో ఎన్ని..." కమాండరు వైపు తిరిగాడు. "రాసుకోండి. నా కాలు జారింది. ఎవరి తప్పూ లేదు."

"అది నిజమే కదా," అన్నాడు ఓల్గీన్ ఊపిరి వదిలి. "నా కాలూ జారింది."

కట్టెలు కొట్టే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "శ్మశానంలో మా నాన్న పక్కన కాస్త చోటుంది మకారియా. ఆయనకి పిల్లలంటే ఇష్టం."

*

ఆ సాయంత్రం ఊరంతా శ్మశానం నుంచి తిరిగొచ్చాక, ఇంజనీరు తన పుస్తకంలో ఐదో గుర్తు ఉన్న కాగితం చించి పొయ్యిలో వేశాడు. ఆ శిలువ రాతి మీద ఉండగా ఇంకెవరో గడ్డపారతో వస్తారని, దాన్ని చెక్కి చెరిపేయమని క్రిస్పీన్‌ను అడిగింది మాత్రం మకారియానే.

బెనిల్దా, తోరీబియో కూడా లోయ అంచుకు ఎక్కారు. క్రిస్పీన్ ఉలి పెట్టి, దగ్గు తగ్గేదాకా ఆగి, తను ఒకప్పుడు చెక్కిన గీతలనే ఒక్కొక్కటిగా చెరిపేశాడు. కింద మూడొందల ఏళ్ల నాటి బాణం, తాబేలు, సూర్యుడు, గుర్రపు నాడా అలాగే ఉన్నాయి. అవిక ఎక్కడికీ దారి చూపించవు.

"చూశావా చెల్లీ, ఏం మిగల్లేదు," అన్నాడు క్రిస్పీన్.

మకారియా వంగి, రాలిన రాతిపెళ్లలన్నీ ఒక్కటి కూడా వదలకుండా కొంగులోకి ఏరుకుంటోంది.