అడిగి ముట్టుకున్న అమ్మ

బీరువాలో మడతపెట్టిన దుప్పట్ల వెనక పాలసీసా దొరికింది! అడుగున ఇంకా రెండు గుక్కల పాలున్నాయి... గోరువెచ్చగా! తోడమ్మ తొమ్మిది రోజుల మనవరాలికి మెత్తటి గుడ్డ కోసం చెయ్యి పెడితే, కన్నకూతురు తన కళ్ళుగప్పి దాచుకున్న సీసా చేతికి తగిలింది.

తోడమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. ప్రసవాలకు తోడుగా వెళ్ళడం ఆవిడ పని. డౌలా అంటారు. డాక్టరూ కాదు, నర్సూ కాదు. నొప్పులు పడే అమ్మాయి నడుం రుద్దుతూ, ధైర్యం చెబుతూ, పుట్టిన బిడ్డ రొమ్ము పట్టేదాకా పక్కనే కూర్చునే మనిషి. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ సాయం పొందిన తల్లులంతా కలిసి పెట్టుకున్న పేరది. మొన్నటికి మొన్న అల్లుడు ఫోనులో చూసి "అత్తయ్యా, బిడ్డ తల ఇలా పట్టుకోవాలట" అని వివరించబోతే, "తాతకు దగ్గులు నేర్పకు బాబూ" అని ఇంటిల్లిపాదినీ నవ్వించింది కూడా. అంతటి మనిషి ఇప్పుడు సీసా పట్టుకుని కొయ్యబారిపోయింది.

"చూశావుగా!" మంచం మీంచి అరిచింది కూతురు. ఒళ్ళో పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. "తోడమ్మ కూతురికి బిడ్డకి పాలివ్వడం చేతకాలేదు! వెళ్ళి చెప్పుకో నీ తల్లులందరికీ!"

తోడమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంది. చేతులు రెండూ వాటంతటవే వెనక్కి వెళ్ళిపోయాయి. ఆవిడ పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. తల్లి కంటే ఎత్తులో కూర్చోకూడదు. చేతులు వెనక్కి కట్టుకోవాలి. అడగకుండా తల్లినిగానీ బిడ్డనుగానీ ముట్టుకోకూడదు. అలవాటైన ప్రాణం కదా... అలవాటైన మాటే నోటికొచ్చింది.

"చాలా బాగా చేస్తున్నావు తల్లీ! నిన్ను ముట్టుకోవచ్చా?"

అంతే! కూతురు భళ్ళున ఏడ్చేసింది.

"అడుగుతావేంటమ్మా! సొంత కూతుర్ని ముట్టుకోవడానికి పర్మిషనా? తొమ్మిది రోజుల్నుంచీ ఇదే వరస! ఆస్పత్రిలో నొప్పులతో చస్తుంటే కూడా అడిగావు... పరాయి పిల్లనడిగినట్టు! నేను నీకు ఎన్నో నంబరు కేసునమ్మా?" వెక్కుతూనే ఫోను తీసింది. "ఏవండీ, మీరు త్వరగా వచ్చి అమ్మని వాళ్ళింట్లో దింపేయండి. నా బాధేదో నేను పడతాను."

తోడమ్మకు ఎన్నో ఏళ్ళ కిందటి ముచ్చటొకటి కళ్ళముందు మెదిలింది. ఆరేళ్ళ కూతురు గదిలో బొమ్మలతో ఆడుకుంటోంది. ఒక బొమ్మ నడుం రుద్దుతూ "గట్టిగా ఊపిరి తీసుకో తల్లీ" అంటోంది. మధ్యలో ఇంకో చిన్న బొమ్మవైపు తిరిగి, "నేను పనికెళ్తున్నా, అన్నం ఫ్రిజ్‌లో ఉంది, వేడిచేసుకో" అని చెబుతోంది! అప్పట్లో ఆ కబురు వెళ్ళినచోటల్లా చెప్పి పగలబడి నవ్వించేది తోడమ్మ. ఆ చిన్న బొమ్మ ఎవరో అప్పుడు తట్టలేదు... ఎంత మొద్దు బుర్ర!

"వెళ్తానమ్మా," అంది కళ్ళొత్తుకుంటూ. "వెళ్ళేముందు ఒక్కటి చెప్పనీ. నీకు నేను పాలివ్వలేదు. నువ్వు సీసా పాలతోనే పెరిగావు."

కూతురు ఏడుపు టక్కున ఆగింది.

"నువ్వు పుట్టినప్పుడు నా పక్కన ఎవ్వరూ లేరు. వార్డులో పనిచేసే ఒకావిడ వచ్చేది. ఒక్క మాటన్నా చెప్పకుండా జాకెట్ లాగి, రొమ్ము పిసికి, నీ తల పట్టుకుని అదిమేసేది. ఆవిడ అడుగుల చప్పుడు వింటేనే ఒళ్ళంతా బిగుసుకుపోయేది. పదో రోజుకి పాలు ఎండిపోయాయి... సిగ్గుతో చచ్చిపోయాననుకో! ఆ చేతుల్ని మరిచిపోలేకే ఈ పనిలోకి వచ్చాను. అడక్కుండా ఏ తల్లినీ ముట్టుకోకూడదని ఒట్టుపెట్టుకున్నాను. ఆ ఒట్టుని నీ దగ్గర కూడా పాటించాను చూడు... పిచ్చిదాన్ని!"

"అయితే... నేను సీసా పిల్లనా?"

"అచ్చంగా! చుక్క మిగిల్చేదానివి కాదు!"

"ఇన్నేళ్ళూ చెప్పలేదేంటమ్మా?"

"అందరికీ పాలు పట్టించడం నేర్పేదాన్ని... ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?"

కూతురికి ఏడుపులోనే నవ్వొచ్చింది. నువ్వు నా దగ్గర దాచావు, నేను నీ దగ్గర దాచాను... బాగానే ఉంది సంబడం! ఇద్దరూ కలిసి పాపను రొమ్ముకు చేర్చారు. అది ఏడెనిమిది గుక్కలు పట్టి వదిలేసింది. "పట్టినంత పట్టనీ. మిగతాది సీసాతో పడదాం. ముందు దాని కడుపు నిండాలి," అంది తోడమ్మ. పాప త్రేన్చాక ఉయ్యాల్లో వేసింది.

"అమ్మా... అడక్కుండా ఒక్కసారి దగ్గరికి తీసుకోవా?"

తోడమ్మ మంచం ఎక్కింది. కూతురి తల ఒళ్ళోకి లాక్కుంది. తొమ్మిది రోజులుగా దువ్వెన ఎరగని జుట్టు చిక్కులన్నీ వేళ్ళతోనే మెల్లగా విడదీసింది.

"నేను పుట్టిన రోజు ఎలా ఉండింది? అందరి పురుళ్ళూ చెప్పావుగానీ నాది ఎప్పుడూ చెప్పలేదు."

"వాన... కిటికీ రెక్క ఒకటే కొట్టుకోవడం. నన్ను చూడగానే మా నాయనమ్మలాగా కనుబొమలు ముడిచావు. ఎవరీవిడ, నన్నెందుకు పిలిచింది అన్నట్టు..." తోడమ్మ చెబుతూనే ఉంది. ఒత్తైన జుట్టుకంటిన తడి, గుప్పెట్లో ఇరుక్కున్న నూలుపోగు, ఎడమ చెవి మీద మడత... ఒక్కటీ మరిచిపోలేదు. సగం కబురులోనే కూతురి ఊపిరి నిదానించింది.

అల్లుడు హడావిడిగా తలుపు తోసుకుని వచ్చాడు. "అత్తయ్యా, కారు కిందనే ఉంది. బయల్దేరదామా..."

"ష్! మెల్లిగా బాబూ," అంది తోడమ్మ కదలకుండా. "నా పిల్లకి ఇప్పుడే నిద్రపట్టింది!"

అల్లుడు నాలిక్కరుచుకుని, మునివేళ్ళ మీద నడుస్తూ ఉయ్యాల దగ్గరికి వెళ్ళి తొంగిచూశాడు. పాప కళ్ళు రెండూ గుండ్రంగా తెరుచుకుని, కాళ్ళాడిస్తూ మేలుకునే ఉంది.