ఉతై దారి మీద తెల్లని వెలుగు

మీరు చూశారా, లేదా? చూస్తే రంగు చెప్పండి. ఎర్రగా ఉందని మాత్రం అనకండి — భిలాయిలో ఎర్రటి ఆకాశం ఒక వింతా? ఉక్కు ప్లాంటులో కరిగిన స్లాగ్, అంటే ఇనుపచిట్టెం, పారబోసినప్పుడల్లా సగం ఆకాశం మండుతుంది. ఆ వెలుగులో మన ఆడవాళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరుకున్నారు. దానికి చంటిపిల్లలు కూడా జడవరు.

జనం జడిసింది తెల్లదానికి.

ఉతై ఊరికి పోయే దారిలో మొరం తవ్వి వదిలేసిన గుంట ఉంది. ఎండాకాలంలో కూడా నీళ్ళుంటాయి. ఒకసారి నైట్ షిఫ్టుకి బయల్దేరిన శ్యామసుందర్ సైకిలు ఆ గట్టు మీద దొరికింది. స్టాండు వేసి, తాళం వేసి ఉంది. మనిషి మాత్రం దొరకలేదు... అప్పటినుంచి ఆ చోటికి చెడ్డపేరు.

తొంభై ఆరు చలికాలంలో ఆ గుంట మీద, ఆకాశంలో, తెల్లని వెలుగొకటి నిలబడడం మొదలైంది. కదలదు. చప్పుడు లేదు.

మొదట చూసినవాడు అప్పలసూరి. ప్లాంటులో రిటైరై, సెక్టర్ 2లో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఆ దారిలోనే రెండు గదులు వేసుకున్నాడు. కొడుకు లక్ష్మీప్రసాద్ గుంట పక్కనుంచే డ్యూటీకి వెళ్ళాలి. తండ్రి వెళ్ళనివ్వలేదు. నాగాలు పడ్డాయి.

"ఇంకొక్క నాగా పడితే గేటు బయటే, నాన్నా!" అన్నాడు కొడుకు.

"చూసినోడివి నువ్వే కదా," అంది వరలక్ష్మమ్మ మొగుడితో. "అదేటో నువ్వే తేల్చు. లేపోతే పిల్లడి పొట్ట కొట్టకు."

అప్పలసూరి అర్జీ పెట్టుకుంటే, తేల్చడానికి ప్లాంటు పెద్దాఫీసు నుంచి అధికారి వచ్చాడు. యజ్ఞనారాయణ గారు, మన తెలుగువారే. అప్పలసూరి చెప్పిందంతా విని నవ్వాడు.

"స్లాగ్ వెలుగే పొగమంచులో తెల్లబడుతుంది, అప్పలసూరీ. ఈ రాత్రి కాసేపు పారబోయడం ఆపమని ప్లాంటువాళ్ళకి చెప్పాను. వెలుగు రాదు. చూద్దువుగాని, పద."

ఇద్దరూ గుంట గట్టు మీద నిలబడ్డారు. అన్న వేళకి ప్లాంటు వైపు ఎరుపు చల్లారింది. ఆకాశం బొగ్గులా నల్లబడింది. అధికారి మీసం దువ్వుకున్నాడు.

"ఏదీ నీ దెయ్యం?"

అప్పుడు వచ్చింది.

పక్కనుంచి రాలేదు. మెల్లిగా పెరగలేదు. లేదు... ఉంది. తెల్లగా, నడినెత్తికి కాస్త అవతల. గట్టు మీద గడ్డిపరకలు కూడా కనిపిస్తున్నాయి. కింద నీళ్ళు మాత్రం నల్లగానే ఉన్నాయి — అంత వెలుగులో ఒక్క మెరుపు లేదు.

"ఏటి సార్..." అన్నాడు అప్పలసూరి. "ఇదీ స్లాగేనా?"

 అధికారి వెనక్కి తిరిగి నడక మొదలెట్టాడు. అప్పలసూరీ వెంట నడిచాడు. వెలుగు ఇప్పుడు వీపు మీద పడుతోంది. నీడలు ముందు దారి మీద పడ్డాయి.

ఒకటి పొట్టిది, అప్పలసూరిది. ఒకటి పొడుగుది, అధికారిది. ఆ రెంటి నడుమ — ఇంకొకటి.

నడుమ మనిషి లేడు.

"ఆగు," అన్నాడు అధికారి గుసగుసగా. ఇద్దరూ ఆగారు. ఆ మూడోది మాత్రం ఇంకో అడుగు వేసి, అప్పుడు ఆగింది.

ఎలా పరిగెత్తారో ఇద్దరికీ తెలీదు.

మర్నాడు అధికారి రిపోర్టు రాసేశాడు — స్లాగ్ వెలుగు, భయపడవలసింది లేదు అని. అప్పలసూరికి ఒళ్ళు మండింది.

"స్లాగ్ ఆపించింది తమరే కదా సార్!"

"మరేం రాయమంటావు?" ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీడలు లెక్కపెట్టానని రాయనా? నాకు పిచ్చంటారు, పోవయ్యా!"

ఆ సాయంత్రమే లక్ష్మీప్రసాద్ టిఫిన్ డబ్బా సైకిలుకి తగిలించాడు. తండ్రి హ్యాండిలు పట్టుకున్నాడు. జరిగిందంతా చెప్పాడు. నీడ సంగతీ చెప్పాడు.

"అరే నాన్నా! పెద్ద సాబ్ రాసిచ్చారు కదా. చీకట్లో నీకేటో కనిపించుంటుంది. వదులు, లేటవుతోంది."

వదిలాడు. ఏం చేస్తాడు? ఉద్యోగం పోతే కొడుకు జన్మలో క్షమించడు.

వీధికి ఉన్నది ఒకే దీపం. సైకిలు దాని కిందనుంచి దాటింది. గుమ్మంలో నిలబడ్డ అప్పలసూరి నేల కేసి చూశాడు.

సైకిలు నీడ. దాని మీద కొడుకు నీడ. పక్కనే, సైకిలుతో సమానంగా, తొందర లేకుండా నడుస్తూ... ఇంకో నీడ.

"ఒరే—" అన్నాడు. పేరు మాత్రం పిలవలేదు.

ఇప్పుడు పిలిస్తే, వెనక్కి తిరిగేది ఆ ఇద్దరిలో ఎవరు?