ఒకే ఛానల్

మా రోబో ఆమె కాలికి తగలడం అది మూడోసారి.

"మాట్లాడాలనుంటే నోటితో మాట్లాడండి. పదిహేను కిలోల ఇనుమును పంపకండి," అంది. కోపంగా కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. ఆ రోబోల పోటీలో ఎదురు టేబుల్ టీమ్‌కి ఆమె కెప్టెన్. మా టీమ్‌కి నేను.

నేను పంపలేదన్నాను. మా వాళ్లే నమ్మలేదు. పొద్దున్నుంచి నేను అటే చూస్తున్న మాట నిజం కాబట్టి వాళ్ల తప్పేమీ లేదు.

సేఫ్టీ చూసే మేడమ్ వచ్చి, ఇంకొక్కసారి అలా జరిగితే పోటీ నుంచి తీసేస్తానని చెప్పి వెళ్లారు. ఆర్నెల్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. మా రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి జేబులో వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆమె తన రోబోను ముందుకు నడిపింది. మాదీ బయల్దేరింది. పరుగెత్తి దాని వీపు మీది ఎర్ర బటన్ నొక్కితే, ఆమె కాలికి జానెడు దూరంలో ఆగింది. హాలు అవతలి నుంచి మేడమ్ చూడనే చూశారు.

జేబులోంచి బ్యాటరీలు తీసి చూపించాను. ఆమె వాటిని చూసింది, తన చేతిలోని రిమోట్‌ను చూసింది.

"మీ రిమోట్ ఛానల్ ఎంత?"

"ఒకటి. డబ్బాలో ఎలా వచ్చిందో అలాగే ఉంచాం."

"మాదీ అంతే. అంటే మీ రోబోను ప్రతిసారీ నేనే పిలిచానన్నమాట," అంది.

ఆమె నోరు మెదపకపోతే మేం ఇంటికి పోయేవాళ్లం, వాళ్లకి ఒక పోటీ టీమ్ తగ్గేది. ఆమె నేరుగా మేడమ్‌కి ఎదురెళ్లి, ఛానల్ మార్చకుండానే మార్చామని సేఫ్టీ ఫారంలో టిక్ పెట్టామని చెప్పేసింది. మేమూ అదే పని చేశామని వెనకే వెళ్లి ఒప్పుకున్నాను. అప్పటిదాకా ఆమె నాకు నచ్చింది, అంతే. ఆ నిమిషం నుంచి ప్రేమించాను.

మేడమ్ ఇద్దరినీ సమానంగా తిట్టి, గంట టైమిచ్చి, పక్కపక్కనే కూర్చుని మార్చుకోమన్నారు.

మాది ఏడో ఛానల్‌కి మార్చాక ఆమె జాయ్‌స్టిక్ నెట్టింది. మా రోబో కదల్లేదు. మేడమ్ రెండింటికీ పాస్ స్టిక్కర్లు అంటించారు. సంతోషించాల్సింది పోయి నాకు దిగులేసింది. ఇక ఆ టేబుల్ దగ్గరికి వెళ్లడానికి సాకు లేదు.

ఆమె పెన్ను తీసింది. "నీ నంబర్ చెప్పు."

"ఏడు," అన్నాను.

"అది రోబోది. నీది అడుగుతున్నా."

చెప్పాను. ఆమె రాసుకుని, అక్కడే నిలబడి తన ఫోన్‌లో డయల్ చేసింది. నా జేబులో ఫోన్ మోగింది.

"పనిచేస్తోంది," అంది.