పొర దాటని మందు

"ఆ ప్లేట్ ఎవరు తీశారు?"

ల్యాబ్‌లో ఉన్న నలుగురూ తలలు దించుకున్నారు. ఐదోవాడు మాత్రం మందు కొలిచి పోసే పిపెట్ చేత్తో పట్టుకుని, ఫొటోకి నిలబడ్డవాడిలా నవ్వుతున్నాడు. అతను చేరి ఇంకా వారం కాలేదు.

"నేనేనండీ. ఖాళీగా ఉంది కదా అని..."

"ఖాళీగా లేదు. గుంట గుంటకీ పొర పూశాను. ముప్పావుగంట ఆరాలి. మీరు పది నిమిషాలకే మందు పోసేశారు."

"కంటికి కనబడలేదండీ!"

"కంటికి కనబడితే పొర అని ఎందుకంటారు? దుప్పటి అనేవాళ్లు."

ల్యాబ్ మొత్తం ఘొల్లుమంది. ఆ రోజుతో అతనికి తొందర అనే పేరు స్థిరపడిపోయింది. ప్లేట్ గురించి అడిగినామె అప్పటికే నాలుగేళ్లుగా పొరలమ్మాయి.

ఆమె పని చూడ్డానికి చిన్నదే. మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ పలచటి కొవ్వు పొర ఉంటుంది. మింగిన మందు దాన్ని దాటితేనే లోపలికి వెళ్తుంది. అలాంటి కొవ్వునే ఆమె ప్లేట్‌లోని జల్లెడ అడుగున్న గుంటలకు పూస్తుంది. పైన మందు నీళ్లు, కింద ఇంకో ప్లేట్ గుంటల్లో ఉత్త నీళ్లు. ఐదు గంటలాగి, కిందికి ఎంత దిగిందో కొలవాలి. కొన్ని మందులు చకచకా దాటేస్తాయి. కొన్ని పొర ముఖం కూడా చూడవు. మరికొన్ని పొర మీద వాలి, కాస్త లోపలికి దిగి, అక్కడే కూర్చుండిపోతాయి. వాటితోనే చిక్కు.

మర్నాటి నుంచి తొందర ఆమె బల్ల పక్కన చేరి, పొరలు ఆరేదాకా కదిలేవాడు కాదు. కిటికీ బయట వాన పడుతుంటే గడియారం చూస్తున్నట్టు నటిస్తూ ఆమె కనురెప్పలు చూసేవాడు.

"మీరు నవ్వడానికి కూడా ముప్పావుగంట పడుతుందా?"

"ఎదుటివాళ్ల జోకును బట్టి."

నాలుగో నెలకు మీరు పోయి నువ్వు వచ్చింది. ఆదివారం సంబంధం మాట్లాడ్డానికి వాళ్లమ్మను ఆమె ఇంటికి తీసుకొస్తానన్నాడు. అదే వారం అతను తయారుచేస్తున్న మందు పొర పరీక్షలో ఫలించింది. పై గుంటల్లో అరవై శాతం మాయం! వచ్చే వారం పెద్ద సభలో దాని గురించి మాట్లాడమన్నారు ల్యాబ్ నడిపే సార్. ఆ సభలో మెప్పిస్తే అతని ఉద్యోగం పర్మినెంటయినట్టే.

"కింద ఎంతొచ్చింది?" అడిగింది ఆమె.

"పైన అరవై తగ్గిందంటే కిందికి పోయినట్టే కదా? రెక్కలొచ్చి ఎగిరిపోతుందా?"

"అంటే, కొలవలేదు."

"అబ్బ! నీకు ముహూర్తం పెట్టినా గడియారం కరెక్టేనా అంటావు."

ఆమె నవ్వింది కానీ, ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. గిన్నెలు తోముతున్న అమ్మ సంగతంతా విని, "సీసాలో నూనె తగ్గితే కూరలో పడ్డట్టేనా? గరాటుకి అంటుకున్నదెవరు చూడాలి?" అంది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫ్రిజ్‌లో దాచిన అతని ప్లేట్లు తీసింది. కింద రెండు శాతం. పొరను కరిగించి కొలిస్తే యాభై ఏడు. మందు దాటలేదు. పొరనే పట్టుకుని ఉండిపోయింది.

మెట్ల దగ్గర అతనికి చెప్పింది. అతను మెట్ల పైనా కిందా ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"సభ అయ్యాక చూద్దాం. ఈలోగా ఎవరితోనూ అనకు."

"సార్ అడిగితే?"

"అడగరు. అడిగినా నువ్వు చెప్పవు. ప్రేమిస్తున్నాను నిన్ను. ఆమాత్రం చెయ్యలేవా?"

నాలుగు నెలలుగా ఎదురుచూసిన మాట. అది ఇలా వస్తుందని ఆమె అనుకోలేదు.

శుక్రవారం మీటింగులో సార్ అడగనే అడిగారు. "కింది గుంటలు కొలిచారా?"

"కొలిచాం సార్. తనే కొలిచింది," అన్నాడు తొందర, ఆమె వైపు చూడకుండా.

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి.

"కొలిచాను సార్. రెండు శాతం. పైన తగ్గినదాంట్లో మిగతాదంతా పొరలోనే ఉంది."

తొందర గొంతు సవరించుకున్నాడు. "అయితే పొరే తేడాగా ఉండుంటుంది సార్. మందంగా పూసేసి ఉంటుంది."

నాలుగేళ్లలో ఆమె పనిని ఎవరూ ఆ మాట అనలేదు.

"మళ్లీ చెయ్యండి," అన్నారు సార్. "అప్పటిదాకా సభ మాట ఎత్తకండి."

ఆదివారం తొందర వాళ్లమ్మ వచ్చింది. కొడుకు ఆవిడకేమీ చెప్పినట్టు లేదు. వస్తూనే అమ్మాయి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "మావాడికి కాలు ఒకచోట నిలవదమ్మా. నువ్వుంటే నాకు నిశ్చింత." ఎదురుగా కూర్చున్న అమ్మ మొహం వెలిగిపోయింది.

బాల్కనీలో తొందర గొంతు తగ్గించాడు. "సార్‌తో ఒక్క మాట చెప్పు, పూత మందమైందని. ఒక ప్లేట్ పాడైతే నీకేం పోతుంది? నా ఉద్యోగం నిలబడుతుంది. లోపల చూడు, ఇద్దరమ్మలూ ఎంత సంతోషంగా ఉన్నారో."

"పాడై ఉంటే నేనే ముందు చెప్పేదాన్ని."

"ఒక కొవ్వు పొర పాటి చెయ్యనా నేను?"

ఆమె లోపలికి నడిచింది. "క్షమించండమ్మా. ఈ సంబంధం నాకు కుదరదు."

పెద్దావిడ నవ్వు సగంలో ఆగింది. "వాడేమన్నా అన్నాడా తల్లీ?"

"లేదమ్మా."

ఆ వారంలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.

సోమవారం సార్ చెప్పినట్టు మూడు ప్లేట్లకు కొత్తగా పూసింది. వీలైనంత పలచగా పూసింది. ఐదు గంటలూ బల్ల వదల్లేదు. తన చేతిదే తప్పయితే బాగుండునని, కింద నలభయ్యో యాభయ్యో కనబడితే బాగుండునని, కనబడితే పరుగెత్తుకెళ్లి వాళ్లమ్మ కాళ్ల మీద పడొచ్చునని కోరుకుంది. తన లెక్క తప్పవ్వాలని ఆమె ఎన్నడూ అంతగా కోరుకోలేదు.

అంకెలు వచ్చాయి.

పక్క బల్ల దగ్గర తొందర వెనక్కి తిరక్కుండా అడిగాడు. "ఎంత?"

"రెండు." మాట తనకే సరిగా వినబడలేదు. అందుకని స్పష్టంగా మళ్లీ చెప్పింది. "మూడింట్లోనూ రెండు శాతమే."