మూడో బోరు అంకెలు

నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే ఆమె డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుని, తలుపు వైపు రెండుసార్లు చూసింది.

“మూడో బోరు నీళ్లలో సీసం పరిమితి దాటింది. పట్టికలో నేను రాసిన తొమ్మిది అంకెలు, కంప్యూటర్ ఫైలుగా మారేసరికి ఖాళీ. మూడు వందల ఇళ్లవాళ్లు ఆ నీళ్లే తాగుతున్నారు మేడమ్.”

“మార్చిందెవరు?” అడిగింది డిటెక్టివ్.

“మా తమ్ముడు. పట్టికను ఫైలుగా మార్చే స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కి ఇచ్చే ఆదేశాలు, వాడే రాశాడు. పట్టిక మా ఇద్దరి దగ్గరే ఉంది. ఏ బోరో మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాణ్ణి అడగడానికి నోరు రాలేదు.”

డిటెక్టివ్ అసిస్టెంటు రిటైరైన స్టెనో. ప్రతి మాటా పొల్లుపోకుండా రాసుకున్నాడు. తమ్ముడే చేశాడని అప్పుడే తీర్మానించుకున్నాడు.

మర్నాడు ల్యాబ్‌లో తమ్ముడు అక్క వైపు చూడకుండా జవాబిచ్చాడు.

“పట్టికలో ఉన్నది ఉన్నట్టే మార్చి, సోమవారం ఉమ్మడి ఫోల్డర్లో పెట్టాను.”

“తర్వాత తెరిచారా?”

“లేదండీ.”

అతను అక్క కళ్లలోకి చూడకపోవడంతో అసిస్టెంటు అనుమానం ఇంకా బలపడింది.

ల్యాబ్ పెద్దాయన మాత్రం నవ్వుతూ కుర్చీలు వేయించాడు.

“ఫైల్లో కొన్ని అంకెలు పోయాయట,” అంది డిటెక్టివ్.

“నాకు ఆ ఫైలు తెరవడమే రాదమ్మా. మూడో బోరు దగ్గర మీటరు చెడిపోయి ఉంటుంది. పాపం, ఆ స్క్రిప్టు రాసిన అబ్బాయినేమీ అనకండి.”

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, తమ్ముడి చేత ఫైలు తెరిపించింది.

“ఇది తన వివరాలు తానే చెప్పుకునే ఫైలు,” అంది డిటెక్టివ్. “అంకెలతో పాటు వాటి కొలమానాలూ, అవి ఎక్కణ్ణుంచి వచ్చాయన్న వివరాలూ లోపలే ఉంటాయి. దీన్ని మార్చిన ప్రతిసారీ ఆ ఆదేశం, తేదీ, ఏ కంప్యూటరో దానంతటదే చేరిపోతుంది.”

తెర మీద రెండు వరుసలు కనిపించాయి. సోమవారం, తమ్ముడి స్క్రిప్టు. బుధవారం, పరిమితి మించిన విలువలన్నీ ఖాళీ చేయమన్న ఆదేశం, పెద్దాయన కంప్యూటర్ నుంచి.

“నా గదిలోకి ఎవరైనా వస్తారు,” అన్నాడు పెద్దాయన.

“రావచ్చు. మూడో బోరని మీకెవరు చెప్పారు?”

అసిస్టెంటు నోట్‌బుక్ తిప్పి, నిన్న అక్క చెప్పిన మాటలూ, పొద్దున పెద్దాయన అన్న మాటలూ చదివి వినిపించాడు. పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“పోయినేడు ఆ నీళ్లు మంచివని సంతకం పెట్టింది నేనే,” అన్నాడు చివరికి.

అక్క వెంటనే ఫోన్ చేసి బోరు మూయించింది. గది ఖాళీ అయ్యాక తమ్ముడు నోరు విప్పాడు.

“నన్ను ఒక్క మాట అడిగి ఉంటే నిమిషంలో చూపించేవాణ్ణి కదక్కా.”

ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది. అతను తన కుర్చీ కాస్త దూరం జరుపుకుని, పోయిన తొమ్మిది అంకెలూ తిరిగి వచ్చేలా స్క్రిప్టు మళ్లీ నడిపాడు.