మా అమ్మతో చెప్పకండి మేడమ్

లేచావా, సంచి సర్దావా, లెక్కలు చేశావా. పొద్దున్నే ఆ ఇంట్లో వినబడేవి ఈ మూడే. వినడానికి ప్రశ్నల్లా ఉంటాయి గానీ జవాబు కోసం అడిగినవి కావు. అమ్మ ఒక చేత్తో జడ వేసుకుంటూ, ఇంకో చేత్తో పొయ్యి తగ్గిస్తూ అడుగుతుంది. కూతురు నోరు తెరిచేలోపు అమ్మ వేరే గదిలో ఉంటుంది. పదో తరగతికి వచ్చాక చిట్టి జవాబులు చెప్పడం మానేసింది. మానేసిందన్న సంగతి కూడా అమ్మ చెవిని పడలేదు.

ఇదే మనిషి బడి గేటు దాటితే వేరే మనిషి. చిట్టి చదివే హైస్కూల్లోనే ఆవిడ కౌన్సెలర్. పరీక్షల బెంగో, స్నేహితులతో తగవో, ఇంట్లో గొడవో, ఏదున్నా పిల్లలు ఆవిడ గదికొచ్చి చెప్పుకుంటారు. ఆవిడ అడ్డం రాదు, గడియారం వంక చూడదు, ఊఁ కొడుతూ కూర్చుంటుంది. అందుకే పిల్లలు ఆవిడకి 'ఊఁ మేడమ్' అని పేరు పెట్టారు. తలుపు వేయగానే ఆవిడ చెప్పే మొదటి మాట ఒకటుంది. "నీ ప్రాణానికి ముప్పైతే తప్ప, ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు." ఒకసారి హెడ్మాస్టరే ఏదో పిల్లవాడి సంగతి కూపీ లాగుదామని వచ్చి కూర్చున్నాడు. కాఫీ తాగి వెళ్లాడంతే.

ఆ రోజు మధ్యాహ్నం గది బయట బల్ల మీద, మిగతా పిల్లల వెనక వరసలో చిట్టి కూర్చుని ఉంది. వంతు వచ్చాక లోపలికొచ్చి తలుపు వేసింది. భోజనం డబ్బా మర్చిపోయిందేమో అనుకుని అమ్మ తన డబ్బా తీయబోయింది.

"డబ్బా కోసం కాదు మేడమ్. నాకో సమస్య ఉంది."

"మేడమేమిటే?"

"మిగతా పిల్లలకి చెప్పే మాట నాకు చెప్పలేదు మీరు. గది దాటదని."

అమ్మకి నవ్వొచ్చింది. కానీ పిల్ల ముఖంలో నవ్వు లేదు. ఆ ముఖం చూశాక ఆవిడ డబ్బా పక్కనపెట్టి, ఆ మాట అక్షరం తప్పకుండా చెప్పింది. చిట్టి కుర్చీలో కుదురుగా కూర్చుని మొదలుపెట్టింది.

సాయంత్రం లెక్కల ట్యూషన్‌కి వెళ్లడం మానేసి చాలా రోజులైందట. కాగితం ముందు పెట్టుకోగానే చేతులు చల్లబడతాయట, అంకెలు కనబడతాయి గానీ బుర్రలోకి ఎక్కవట. ఒకసారి పరీక్షలో ఖాళీ కాగితం ఇచ్చి బయటికొచ్చేసిందట. ట్యూషన్ టైములో ఎక్కడుంటున్నావని అడిగితే అది మాత్రం చెప్పలేనంది.

"మీ అమ్మకి చెప్పావా?" అలవాటు కొద్దీ అడిగేసింది ఆవిడ. ఈ గదిలో ఆ ప్రశ్న అడగని రోజు లేదు.

"మా అమ్మకి ఇంటికొచ్చేసరికి ఓపికంతా అయిపోయి ఉంటుంది మేడమ్. మిగిలిందాన్ని పొయ్యి దగ్గర ఖర్చుపెడుతుంది."

"పోనీ, మీ అమ్మతో నేను మాట్లాడనా?"

"వద్దు. మా అమ్మతో చెప్పకండి మేడమ్. ఆ ట్యూషన్‌లో చేర్పించిందే ఆవిడ."

ఊఁ మేడమ్ ఊఁ అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఊఁ అనడానికి అంత కష్టపడింది ఎప్పుడూ లేదు. చేతులు చల్లబడితే ఏం చేయాలో, ఊపిరి ఎలా తీసుకోవాలో ఓపికగా నేర్పింది. వారం తర్వాత మళ్లీ రమ్మంది. చిట్టి థాంక్స్ మేడమ్ అని వెళ్లిపోయింది. తలుపు వేశాక ఆవిడ కాసేపు ఎవర్నీ లోపలికి పిలవలేదు.

ఇక ఇంట్లో అవస్థ చూడాలి. తెలిసింది తెలియనట్టు ఉండాలి. "లెక్కలు చేశావా" అని అడిగితే తెలిసీ వేధించినట్టు, అడగకపోతే ఏదో తెలిసినట్టు. అందుకని ఆవిడ మధ్యే మార్గంగా బడిలో గొంతు ఇంటికి తెచ్చింది. మర్నాడు భోజనాల దగ్గర అత్తగారు కూరలో ఉప్పు ఎక్కువైందంటే, "ఎక్కువైందని మీకు అనిపించింది. ఊఁ. ఇంకేం అనిపిస్తోంది అత్తయ్యా?" అంది మెత్తగా. ఎప్పుడూ మాటకి మాట తగిలించే కోడలు ఇలా అనేసరికి అత్తగారు హడలిపోయి, ఎడమ చేత్తో నుదురు పట్టి చూసింది. జ్వరం లేదని తేలాక ఆవిడ భయం ఇంకా పెరిగింది.

భర్త టైలరు. వీధి చివర దుకాణం. ఆయన మామూలుగా భోజనం దగ్గర గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. ఈ మధ్య ట్యూషన్ అన్న మాట వినబడగానే గబగబా నీళ్లు తాగుతున్నాడు. అత్తగారేమో అదే మాటకి ఏదో మర్చిపోయినట్టు లేచి వెళ్తోంది. తన రహస్యం కాపాడుకునే హడావిడిలో ఆవిడ వీళ్లిద్దర్నీ పట్టించుకోలేదు. మనసులు చదివే ఉద్యోగం చేసే మనిషికి, కంచం పక్కన కంచం పెట్టుకుని కూర్చున్న వాళ్ల ముఖాలు కనబడలేదు.

ఆ శనివారం బస్సులో ట్యూషన్ మాస్టారు ఎదురుపడ్డారు. అమ్మాయికి ఎలా ఉంది, నీరసం తగ్గిందా, ట్యూషన్‌కి రాలేదని మీవారు ప్రతి వారం ఫోన్ చేసి చెబుతూనే ఉన్నారు అన్నారు. ఆవిడకి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. హమ్మయ్య, సంగతి ఇప్పుడు బయటినుంచి తెలిసింది, ఇక నోరు విప్పొచ్చు. మరుక్షణం ఒళ్లు మండింది. ఈయనకి తెలుసా.

స్టాప్‌లో దిగి నేరుగా దుకాణానికి వెళ్లింది. చిట్టి కత్తిరింపుల బల్ల పక్కన కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతోంది. అమ్మని చూసి సూది అలాగే వదిలేసి వెనక గుమ్మంలోంచి ఇంటికి పరుగెత్తింది. భర్త టేపు మెళ్లో వేసుకుని నిలబడిపోయాడు.

"ఇంటికి రండి," అంది ఆవిడ. అప్పుడు ఆవిడ గొంతు బడిలోది కాదు.

ఇంటికొచ్చాక ఆయన మొత్తం చెప్పాడు. పిల్ల ఓ సాయంత్రం ఏడుస్తూ దుకాణానికి వచ్చింది. అమ్మతో చెప్పనని మాట తీసుకుంది. ఆ రోజు నుంచి అక్కడే కూర్చుని గుండీలు కుడుతోంది. దాని కుట్టు గట్టిది, గుండీలు ఊడడం లేదని ఖాతాదార్లు మెచ్చుకుంటున్నారు కూడా. ఇంతలో అత్తగారు తలుపు దగ్గర్నుంచి, పాపం పిల్ల ఎన్నాళ్లని దాచుకుంటుంది, నాక్కూడా అప్పుడే చెప్పింది అనేసి నాలిక కరుచుకుంది. తల్లీకొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. నీకూ తెలుసా అంటే నీకూ తెలుసా అనుకున్నారు. ఒకే రహస్యాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు ఇన్నాళ్లు కాపలా కాశారు.

నవ్వాల్సిన సంగతే. కానీ ఆయనకి తప్పు చేసి దొరికిపోయిన ఉక్రోషం ఉంది.

"ఊళ్లో పిల్లలందరి గోడూ వింటావు. ఒక్కగానొక్క కూతురు ఇంట్లో ఇలా అయిపోతుంటే నీకు తెలీనేలేదు. తల్లివి, నువ్వు కనిపెట్టొద్దా?"

తెలుసు అనొచ్చు. మీకంటే ఎక్కువే తెలుసు, చేతులు చల్లబడ్డప్పుడు ఏం చేయాలో నేర్పింది నేనే అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ దాన్ని మింగేసి, "అవును, నాకు తెలీలేదు. తప్పు నాదే," అని కుర్చీలో కూలబడింది.

గది గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది. అమ్మని నాన్న అంత మాటనడం, అమ్మ పడి ఊరుకోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. అమ్మ తలచుకుంటే ఒక్క మాటతో గెలిచేది. ఆ ఒక్క మాట ఎవరిదో చిట్టికి తెలుసు.

"అమ్మకి తెలుసు నాన్నా," అంది. "బడిలో నేనే చెప్పాను. నేను వద్దన్నానని చెప్పలేదంతే."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడకి అప్పుడు ఇంకో సంగతి తట్టింది. పిల్ల నాయనమ్మకి చెప్పుకుంది, నాన్నకి చెప్పుకుంది, చివరికి ఊఁ మేడమ్‌కి కూడా చెప్పుకుంది. అమ్మకొక్కదానికే చెప్పుకోలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఆవిడ తడబడుతూ తనకి చేతనైన పద్ధతే పట్టుకుంది.

"ఇలా కూర్చో. నీకిప్పుడు ఏమనిపిస్తోందో నాకు..."

"ఆ గొంతు వద్దమ్మా," అంది చిట్టి. "ఆవిడ మంచిదే. కానీ ఆవిడ అందరికీ మేడమే. నాకు నువ్వు కావాలి. తిట్టినా ఫర్వాలేదు."

తిట్టమని అడిగి తిట్టించుకున్న పిల్ల ఆ వీధిలో అదొక్కతే అయి ఉంటుంది. అమ్మ లేచి దాన్ని రెండు చేతులా పట్టుకుని మొదలుపెట్టింది. బుద్ధుందా నీకు, ఇంత బెంగ కడుపులో పెట్టుకుని ఎలా తిన్నావే, ఎలా పడుకున్నావే, నేను చచ్చాననుకున్నావా, ఆ ట్యూషన్‌ తగలబడనీ, లెక్కలు రాకపోతే కొంపలేం మునగవు, నన్ను చెయ్యి పట్టి ఆపి చెప్పొద్దా. తిట్లు సగంలోకి వచ్చేసరికి ఏడుపైపోయాయి. చిట్టి అమ్మ భుజంలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎన్నాళ్లుగానో ఆగిన ఏడుపది. అత్తగారు కోడలి గొంతు మామూలైందని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

కాసేపటికి చిట్టి తలెత్తకుండానే అంది.

"అమ్మా, నాకు లెక్కలంటే భయమేస్తోంది."

అది ఆవిడకి తెలిసిన మాటే. గదిలో విని ఊఁ కొట్టిన మాటే. అయినా మొదటిసారి విన్నట్టు కూతుర్ని దగ్గరికి పొదువుకుంది.

"చెప్పు తల్లీ," అంది. "మొదట్నుంచీ చెప్పు."