లైట్ పోయినా చావని పెట్టె

తెల్లవారేసరికి డాక్టర్ క్వార్టే లబాడి సముద్రపు ఒడ్డున ఇసుకలో బోర్లా పడి ఉన్నాడు. వీపులో ఒకే ఒక్క తూటా. పక్కనే ఆయన గీగర్ కౌంటర్, అంటే రేడియేషన్‌ని పసిగట్టి టిక్కుటిక్కుమనే యంత్రం, నుగ్గునుగ్గయి ఉంది. దాని రేకు మూత మీద గుండ్రటి చిన్న చిన్న సొట్టలు. హంతకులకు దొరకనిది ఒక్కటే: సాక్సులో దూది చుట్టి దాచుకున్న వేలెడంత గాజు గొట్టం. రేడియేషన్‌ని పసిగట్టేది అలాంటి గొట్టమే.

ఆ గొట్టమూ, నుగ్గయిన యంత్రమూ ఇప్పుడు గూఢచారి శాఖ పెద్ద కల్నల్ అంపాన్సా బల్ల మీద ఉన్నాయి.

"కూర్చో, నైన్‌టీన్."

ఏజెంట్ నైన్‌టీన్ కూర్చున్నాడు. అతని అసలు పేరు ఎడెమ్ జొకోటో. అక్రా ఊరికి మాత్రం అతను ఒపెరా స్క్వేర్ వెనక సందులో రేడియోలు బాగుచేసే మాస్టర్. ఆ వేషం వేసి ఎన్నాళ్లయిందంటే, పనిలో చెయ్యి నిజంగానే తిరిగిపోయింది.

"హర్మటాన్ ముఠా," అన్నాడు కల్నల్. "డబ్బు పరాయి దేశానిది, చేతులు మనవాళ్లవి. రేడియేషన్ కక్కే సీసియం ముక్క, కందిగింజంత, ఊళ్లోకి తెచ్చారు. క్వార్టే దాని జాడ పట్టాడని చంపేశారు. మధ్యాహ్నం ఆరు దేశాల మంత్రులు నది ఒప్పందం మీద సంతకాలు పెడతారు. వాళ్ల కుర్చీల కింద దాన్ని పెడితే చాలు."

"బాంబులాగా పేలుతుందా సార్?"

"పేలితే నయమే, చప్పుడన్నా అవుతుంది. ఇది కనపడదు, వినపడదు. ఇళ్లకెళ్లాక ఒక్కొక్కరికీ వాంతులు పట్టుకుంటాయి, జుట్టు రాలుతుంది, పోతారు. ఎక్కడ తగిలిందో ఎవడికీ తెలీదు. ఒకరి మీద ఒకరు అనుమానంతో ఆరు దేశాలూ కొట్టుకు చస్తాయి."

ఎడెమ్ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇది పలకాలంటే వందల వోల్టులు కావాలి. ఎన్ని వందలో దీని మీద రాసి లేదు. తక్కువైతే నోరు విప్పదు. ఎక్కువైతే లోపల వెలిగి మాడిపోతుంది. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే సప్లై ఉండాలి."

"బయటినుంచి తెప్పించే టైము లేదు. నువ్వే కట్టు. హాల్లో మైకు మెకానిక్‌గా దిగు. ముప్పు కనపడితే గట్టిగా 'కెంకే చల్లారింది' అని కేకెయ్యి. విన్నవాళ్లు మొక్కజొన్న ముద్ద గోలనుకుంటారు, మనవాళ్లు మాత్రం వస్తారు."

అప్పుడు తలుపు తోసుకుని డెడె లామ్టీ వచ్చింది. కల్నల్ కుడిభుజం ఆమె. నీలం పూల గుడ్డతో కుట్టించుకున్న కాబా రవిక, తలకి అదే గుడ్డ, సన్నటి మడమల చెప్పులు, గదంతా సెంటు. హాలు పాసు అని కల్నల్ ఒక కార్డు చాపితే ఆమె ఎడమ చెయ్యి చాచింది.

"ఎడమ చేతికి క్షమించండి పెద్దాయనా, కుడిచెయ్యి ఖాళీ లేదు," అని నవ్వింది.

కుడిచేత్తో ఆమె హ్యాండ్‌బ్యాగుని అడుగు నుంచి పట్టుకుని ఉంది. అంత చిన్న బ్యాగుకి పట్టీ అంతలా సాగడమేమిటి? పెద్దవాడి దగ్గర ఎడమ చెయ్యి చాచే ఆడపిల్లని ఎడెమ్ తన జన్మలో చూడలేదు. ఎందుకో ఒళ్లు జలదరించింది. ఆమె మీద కాదు, ముందున్న పని మీద భయమనుకుని సరిపెట్టుకున్నాడు.

ఆ భయం ఉత్తది కాదు. ఎడెమ్ అన్న మావులి కూడా మెకానిక్కే. కొన్నేళ్ల కిందట నది ఎండిపోయి, ఊరికి కరెంటు వాటాలేసి ఇచ్చేవారు. ఒక సాయంత్రం లైట్ పోయింది, కరెంటు పోతే అక్కడ అలాగే అంటారు. విప్పి ఉన్న టీవీలో మావులి రెండు చేతులూ పెట్టాడు. లైట్ మళ్లీ వస్తుందేమోనని తమ్ముడు అరిచాడు కూడా. "లైట్ లేదుగా," అన్నాడు మావులి. అదే అతని ఆఖరి మాట. కరెంటుని నిలవ ఉంచుకునే కెపాసిటర్, లైట్ పోయినా తాగింది కక్కదని ఆ ఇద్దరికీ అప్పటికి తెలియదు.

హాలు వెనక మైకుల గదిలో ఎడెమ్ బల్ల సర్దాడు. పాత వాల్వ్ రేడియో ట్రాన్స్‌ఫార్మర్, దాని ముందు వోల్టేజిని మెల్లగా పెంచే గుండ్రటి వేరియాక్, వెనక నాలుగు డయోడ్లు, మోకాలిచిప్పంత కెపాసిటర్లు రెండు, ఒక ముల్లు మీటరు. అన్నిటినీ ఇనప ఆంప్లిఫయర్ డొక్కులో బిగించాడు. టిక్కులు వినపడటానికి బ్యాటరీ ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి తగిలించాడు. బల్ల కింద, లారీ బ్యాటరీల సీసం కరిగించి పోసిన మూతకుండ. సీసియం దొరికితే దాన్ని అందులో పడెయ్యాలి, సీసం రేడియేషన్‌ని బయటికి పోనివ్వదు.

చివర్న బ్లీడర్ పెట్టాడు. స్విచ్ ఆపగానే కెపాసిటర్లలో మిగిలిన కరెంటుని మెల్లగా తాగేసే రెసిస్టరది. మెకానిక్ ప్రాణానికి అదే కాపలా.

పెట్టాడు గాని, కిటికీలోంచి ఊరి వైపు చూసి ఆగిపోయాడు. ఈ పేటకి మధ్యాహ్నం లైట్ ఉంటుందన్న నమ్మకం ఏముంది? సరిగ్గా మంత్రులు వచ్చే వేళకి పోతే? బ్లీడర్ ఉంటే పెట్టె వెంటనే చస్తుంది. తీసేస్తే, ఆ గొట్టం తాగేది చుక్కే కాబట్టి, కెపాసిటర్లలో ఉన్నదే కొన్ని నిమిషాలు దాన్ని బతికిస్తుంది. ఆ కొన్ని నిమిషాలూ పెట్టె ముట్టుకున్నవాణ్ని చంపగలదు.

కట్టర్ తీసుకున్నాడు. రెండుసార్లు జారింది. మూడోసారి బ్లీడర్ తెగి బల్ల మీద పడింది. అన్న మొహం కళ్లముందు ఆడింది.

స్విచ్ వేసి, ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని కుడిచేత్తో వేరియాక్ తిప్పాడు. సొంతూరు కేటాలో అమ్మ నేర్పిన అలవాటది. పెద్దలకి దారి చూపేటప్పుడు ఎడమ చెయ్యి నడుం వెనక దాచుకోవాలి. తర్వాత పని నేర్పిన గురువూ అదే అన్నాడు, కాకపోతే వేరే కారణానికి: రెండు చేతులూ పెడితే కరెంటు గుండెలోంచి దారి చేసుకుంటుంది.

ముల్లు అయిదువందలు దాటింది. ఆరు. వేలికొన తీగకి తగిలింది.

ఎవరో సుత్తితో మోచేతి మీద కొట్టినట్టయింది. వెనక గోడకి వెళ్లి పడ్డాడు. పళ్లు టకటకలాడాయి. చాలాసేపు లేవలేకపోయాడు. ఎడమ చెయ్యి ఇంకా వీపు వెనకే ఉంది. "అమ్మా," అనుకున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మళ్లీ లేచాడు. పారిపోవాలని ఉంది, సిగ్గేమీ లేదు. కానీ పక్క హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినపడుతోంది. పరీక్షకని, సన్నగా రేడియేషన్ కక్కే రేడియం అంకెలున్న అన్న చేతిగడియారాన్ని గొట్టం పక్కన పెట్టాడు. ఏడువందలు. మౌనం. ఎనిమిది వందలు. టిక్. టిక్... టిక్.

గొట్టం నోరు విప్పింది! ఇంకొంచెం పెంచి, గడియారాన్ని జేబులో వేసుకుని దూరం జరిగాడు. టిక్కులు పల్చబడ్డాయి.

కారిడార్లో సన్నటి మడమల చప్పుడు. "మాస్టర్, ఇంకా అవలేదా?" డెడె లోపలికి వచ్చింది. "తిప్పవయ్యా, ఇంకాస్త తిప్పు. మగాడివి, ఇంత పిరికేమిటి?"

టిక్ టిక్ టిక్‌టిక్‌టిక్...

గొట్టం మాడిపోతోందనుకున్నాడు ఎడెమ్. గబగబా పెట్టె దగ్గరికి వచ్చి వోల్టేజి తగ్గించాడు. టిక్కులు తగ్గలేదు. డెడె బ్యాగు సర్దుకుంటూ గుమ్మంలోకి జరిగింది. పల్చబడ్డాయి. మళ్లీ దగ్గరికి వచ్చింది. వేయించే నూనెలో ఉల్లిపాయలు వేసినట్టు చిటపటలాడాయి.

సాగిన పట్టీ. ఖాళీ లేని కుడిచెయ్యి. కల్నల్ బల్ల మీద చూసిన రేకు మూత, దాని మీద గుండ్రటి సొట్టలు, సరిగ్గా ఆ చెప్పుల మడమంత.

అతను తలెత్తాడు. ఆమె అతని కళ్లలో చదివేసింది. బ్యాగు అడుగు నుంచి చిన్న పిస్తోలు మూతి బయటికి వచ్చింది.

ఠప్పున లైట్ పోయింది. ఫ్యాను ఆగింది. కిటికీ వెలుతురే మిగిలింది.

"చూశావా, దేవుడు కూడా నా వైపే," అంది డెడె. "నీ పెట్టె చచ్చింది. ఆ గొట్టం ఇటియ్యి."

టిక్‌టిక్‌టిక్‌టిక్, అంది పెట్టె.

ఆమె మొహంలో రంగు మారింది. మీటరు ముల్లు ఎనిమిది వందల మీదనుంచి మెల్లగా జారుతోంది.

"ముట్టుకోకు," అన్నాడు ఎడెమ్. "నిజం చెప్తున్నా సిస్టర్. లోపల ఇంకా ఉంది. చస్తావు."

"ఎవరికి చెప్తున్నావ్ కబుర్లు? లైట్ లేదుగా!"

అన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా. ఎడెమ్ "వద్దు!" అని అరిచాడు. పిస్తోలు ఉన్న చెయ్యిని ఆనిక కోసం ఇనప డొక్కు మీద మోపి, ఆమె ఎడమ చేత్తో తీగ పట్టుకుని లాగింది.

ఫట్‌మని చప్పుడైంది. తూటా కప్పులోకి పోయింది. డెడె కేకైనా లేకుండా నేలకి వాలింది. బ్యాగు ఎగిరి గచ్చు మీద పడి తెరుచుకుంది. అందులోంచి బరువైన వెండి పౌడర్ డబ్బా దొర్లుకుంటూ మంత్రుల హాలు గుమ్మం వైపు పోతోంది. అవతల తలుపు తెరుస్తూ ఎవరో "దయచేయండి, దయచేయండి" అంటున్నారు.

"కెంకే చల్లారింది!" అని గొంతు చించుకున్నాడు ఎడెమ్. పొడుగు పట్టకారుతో డబ్బాని అందుకుని, మొహం పక్కకి తిప్పుకుని, సీసపు కుండలో పడేసి మూత పెట్టాడు. అంతవరకూ ఊపిరి పీల్చలేదు.

తలుపు సందులోంచి ఒక సెక్రటరీ తల దూర్చాడు. "భోజనం గోల తర్వాత చూద్దాం. మైకు పలకడం లేదు, నువ్వు మెకానిక్కువేనా?"

"లైట్ పోయిందండి," అన్నాడు ఎడెమ్ వినయంగా.

కల్నల్ మనుషులు వచ్చేసరికి డెడె కళ్లు తెరిచింది. అరచేయి కాలింది గాని ప్రాణం ఉంది. "డబ్బాలో మైక్రోఫోన్ ఉందన్నారు నాతో, ఆ గొట్టం దాన్ని పట్టిస్తుందన్నారు," అని గొణిగింది. "మూడు రోజులుగా ఒళ్లోనే పెట్టుకున్నాను. పడుకున్నా తలగడ కిందే. చెప్పు మాస్టర్, చస్తానా?"

ఆమె డాక్టర్ క్వార్టేని కాల్చిన మనిషి. అయినా ఆ కళ్లలోని భయం అతనికి తెలిసిన భయమే. "ఆసుపత్రిలో దాచకుండా అంతా చెప్పు," అన్నాడు. అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

ఆమెని మోసుకుపోయారు. పక్క హాల్లో కిటికీ వెలుతురులో ఆరు సంతకాలు పడ్డాయి, చప్పట్లు వినిపించాయి. కల్నల్ అంపాన్సా ఎడెమ్ భుజం తట్టి, బల్ల మీది పెట్టెని మురిపెంగా చూశాడు.

"దీన్ని ఆఫీసులో పెట్టుకుంటానోయ్," అంటూ ఎత్తడానికి రెండు చేతులూ చాచాడు. "ఆమెకి కొట్టేశాక ఇంకేముంటుంది? పైగా లైట్ లేదుగా."

ఎడెమ్ స్క్రూడ్రైవర్ తీసి కెపాసిటర్ కొసల మీద అడ్డంగా పెట్టాడు. మిగిలిపోయిన నీలి రవ్వ టప్పున ఎగిరింది. కల్నల్ రెండడుగులు వెనక్కి గెంతాడు.

"మా అన్న కూడా అదే అన్నాడు సార్."

కల్నల్ నెమ్మదిగా ఎడమ చెయ్యిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. కాస్త ఆలోచించి కుడిచెయ్యిని కూడా పెట్టుకున్నాడు.